ఊపిరి తీయని పసికందు – తొలి నిమిషములో చేయవలసిన పనులు

పురిటిగది తలుపు వెలుపల నిలిచియున్న బంధువులందరును చెవియొగ్గి వేచియుండునది ఒక్క శబ్దము కొఱకే. బిడ్డ కేరుమన్నచో అందరి గుండెలును కుదుటపడును. ఆ ఏడుపు వినబడనిచో క్షణమొక యుగముగా తోచును. ఈ ఆత్రుత అకారణమైనది కాదు. బిడ్డ ఏడ్చెనన్నచో ఊపిరితిత్తులలోనికి గాలి ప్రవేశించినదని అర్థము. ఏడ్వనిచో ఆ గాలిని ప్రవేశపెట్టు బాధ్యత పురుడు పోయువారిపై పడును. ఆ బాధ్యతను నెరవేర్చుటకు వారికున్న వ్యవధి ఒక్క నిమిషము మాత్రమే.

నెలలు నిండి పుట్టిన శిశువులు నూరుగురిలో సుమారు 85 మంది అర నిమిషము లోపల తమంతట తామే ఊపిరి తీయుదురు. మరి పదిమంది ఒడలు తుడిచి, వీపు నిమిరినంతనే తేరుకొందురు. మిగిలిన ఐదుగురికి మాత్రము బయటి నుండి గాలి నందింపవలసి వచ్చును. గుండెపై నొక్కుట, మందు లెక్కించుట అవసరమగువారు వెయ్యిమందిలో ఏ ఒక్కరో ఉందురు. దీనినిబట్టి ఒక విషయము తేటపడుచున్నది. ఊపిరి తీయని బిడ్డను బ్రతికించుటకు చాలమట్టుకు పెద్ద యంత్రములతో పని లేదు. పొడి గుడ్డ, వెచ్చని చోటు, గాలిని నెట్టు చిన్న సంచి, శిక్షణ పొందిన చేతులు ఉన్నచో చాలును. అవి సిద్ధముగా లేని చోట మాత్రము చక్కని బిడ్డ కూడ నిమిషములలో చేజారిపోవును.

కడుపులో నున్నప్పుడు శ్వాస

తల్లి గర్భములో నున్నంతకాలము శిశువు ఊపిరితిత్తులతో శ్వాసింపదు. వాటి నిండ నీరు ఉండును. ప్రాణవాయువు తల్లి రక్తము నుండి మాయ ద్వారా, బొడ్డుతాడు గుండ బిడ్డకు చేరును. పుట్టిన తరువాత ఈ ఏర్పాటు ముగియును. బిడ్డ గట్టిగా ఏడ్చి గాలి పీల్చినప్పుడు ఊపిరితిత్తులలోని నీరు రక్తములోనికి ఇంకిపోవును. అంతవరకు ముడుచుకొనియున్న రక్తనాళములు విచ్చుకొనును. కొలది నిమిషములలోనే శరీరములో రక్తము ప్రవహించు త్రోవలే మారిపోవును. మానవజీవితములో ఇంత పెద్ద మార్పు ఇంత తక్కువ కాలములో మరెన్నడును జరుగదు.

పురుడు కష్టమై చాలసేపు సాగినను, బొడ్డుతాడు నొక్కుకొనిపోయినను, మాయ ముందుగా విడివడినను, నెలలు నిండకమునుపే కాన్పు జరిగినను ఈ మార్పునకు ఆటంకము కలుగవచ్చును. ఒక్కొక్కప్పుడు ఏ కారణమును కనబడకయే బిడ్డ ఊపిరి తీయకుండును. కావుననే ప్రతి పురుడునకును ముందుగా సిద్ధపడి యుండవలెనని వైద్యులు చెప్పుచున్నారు.

రెండు దశలు – ఒకే రూపము

ప్రాణవాయువు చాలనప్పుడు బిడ్డ మొదట వేగముగా ఊపిరి తీయ యత్నించి, పిమ్మట ఆగిపోవును. ఇది తొలి దశ. ఈ దశలో వీపు నిమిరినను, అరికాలు తట్టినను బిడ్డ తిరిగి ఊపిరి అందుకొనును. సహాయము అందక కాలము గడచినచో బిడ్డ కొన్ని ఎగశ్వాసలు తీసి, మరల ఆగిపోవును. ఇది మలి దశ. ఇప్పుడు ఎంత నిమిరినను, ఎంత తట్టినను ఫలితముండదు. ఊపిరితిత్తులలోనికి గాలిని పంపినగాని బిడ్డ బ్రతుకదు.

ఈ రెండు దశలలోను బిడ్డ ఒకే విధముగా కనబడును. పుట్టిన బిడ్డ తొలి దశలో నున్నదో, కడుపులోనే మలి దశకు చేరినదో కంటితో చూచి చెప్పుట ఎవరి తరమును కాదు. కావున రెండు మూడు మార్లు వీపు నిమిరి, ఊపిరి రాకున్నచో మరల మరల నిమురుచు కూర్చుండక వెంటనే గాలి నందింపవలెను. ఈ పాఠమున కంతటికిని ఇదియే ఆయువుపట్టు. చేయుచున్న సాయము ఫలింపని దశలో కూడ దానినే పట్టుకొని విలువైన నిమిషములను పోగొట్టుకొనరాదు.

గుండె విషయము కూడ ఇట్టిదే. పసికందు గుండె మందగించుట సాధారణముగా గుండెజబ్బు వలన కాదు. గాలి అందకపోవుట వలన. గాలి అందినంతనే గుండె తిరిగి వేగము పుంజుకొనును. వరినాటునకు నీరెట్లో, పసికందు గుండెకు ఊపిరి అట్లు.

పురుడునకు ముందే సిద్ధము

నిప్పు అంటుకొన్న తరువాత బావి త్రవ్వినచో ఏమి ప్రయోజనము? తొలి నిమిషములో చేయవలసిన పనులకు కావలసిన వస్తువులన్నియు పురుడునకు ముందే చేతికందునట్లు ఉండవలెను.

గది 25 మొదలు 28 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వెచ్చగా ఉండవలెను. పంకా ఆపవలెను, కిటికీల నుండి ఈదురుగాలి రాకుండ చూడవలెను. శుభ్రమైన పొడి తువ్వాళ్ళు రెండు, బిడ్డ తలకు టోపీ, బొడ్డుతాడు కట్టుటకు శుద్ధిచేసిన క్లిప్పు లేక దారము, కొత్త బ్లేడు లేక శుద్ధిచేసిన కత్తెర, నోటిలోని ద్రవమును తీయు పీల్చుడు గొట్టము, అంబూ బ్యాగు, దానికి తగిన మాస్కులు, సెకన్ల ముల్లున్న గడియారము, మంచి వెలుతురు – ఇవి ముఖ్యమైనవి. పురుడు పోయువారు సబ్బుతో చేతులు కడుగుకొని, చేతితొడుగులు ధరింపవలెను.

అంబూ బ్యాగు అనగా నొక్కి విడిచినచో తనంతట తానే మరల గాలితో నిండు రబ్బరు సంచి. పసిబిడ్డల సంచి పెద్దవారి సంచి కంటె చిన్నది. 240 మొదలు 500 మిల్లీలీటర్ల గాలి పట్టును. మాస్కును అరచేతికి ఆనించి సంచిని నొక్కినప్పుడు చేతికి ఒత్తిడి తగులవలెను. తగులకున్నచో సంచి ఎక్కడనో చినిగినదనియో, బిగువు తప్పినదనియో గ్రహింపవలెను. ఈ పరీక్ష ప్రతి పురుడునకు ముందును తప్పనిసరి. బీరువాలో తాళము వేసి యుంచిన సంచి లేని సంచితో సమానము.

తల్లిని చూచుకొనుటకు ఒకరు, బిడ్డను చూచుకొనుటకు మరియొకరు ఉండుట మేలు. బిడ్డ ఊపిరి తీయని వేళనే తల్లికి రక్తస్రావము కావచ్చును గదా.

తొలి అర నిమిషము

బిడ్డ పుట్టిన వేళను పైకి చెప్పి, గడియారము చూడవలెను. బిడ్డను పొడి తువ్వాలులోనికి అందుకొని, తల్లి పొట్టపై నుంచి, తల, వీపు, కాలుసేతులు గబగబ తుడువవలెను. తుడుచుటయే తొలి చికిత్స. దాని వలన చలి తగ్గును. ఊపిరికి ప్రేరణయు కలుగును. తడిసిన గుడ్డను వెంటనే తీసివేసి, పొడి గుడ్డ కప్పవలెను. తుడుచుచునే ఒక్క విషయము గమనింపవలెను: బిడ్డ ఏడ్చుచున్నదా? ఏడ్వకున్నను చక్కగా ఊపిరి తీయుచున్నదా?

ఊపిరి బాగుగా నున్నచో బిడ్డను తల్లి రొమ్ముపైననే, ఒడలికి ఒడలు తగులునట్లు పరుండబెట్టి, ఇద్దరికిని కలిపి గుడ్డ కప్పవలెను. బొడ్డుతాడు కోయుటకు తొందరపడరాదు. ఒకటి మొదలు మూడు నిమిషములు ఆగినచో మాయలోని రక్తము బిడ్డకు చేరి, ముందు నెలలలో రక్తహీనత రాకుండ మేలు చేయును. గంట లోపల చనుబాలు పట్టింపవలెను. చేతులు, పాదములు మొదట కొంత నీలముగా నున్నను భయపడ నక్కరలేదు.

తుడిచినను ఊపిరి రాకున్నచో, లేక ఎగశ్వాస మాత్రమే వచ్చుచున్నచో, తాడు కట్టి కోసి, బిడ్డను సిద్ధపఱచియుంచిన వెచ్చని బల్లపైకి చేర్పవలెను.

తరువాతి అర నిమిషము

మొదటిది, తలను సరిగా ఉంచుట. బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, భుజముల క్రింద సుమారు అంగుళము ఎత్తున మడిచిన గుడ్డ నుంచవలెను. మెడ కొద్దిగా వెనుకకు వాలి, పువ్వును వాసన చూచునప్పటి తీరున ముఖము ఉండవలెను. గడ్డము రొమ్మున కానినను, మెడ మితిమీరి వెనుకకు వాలినను గాలి త్రోవ మూసికొనిపోవును.

రెండవది, త్రోవ శుభ్రపఱచుట. నోటిలో ద్రవము అడ్డుగా కనబడినచో మాత్రమే తీయవలెను. ముందు నోరు, తరువాత ముక్కు. ఈ వరుస తప్పరాదు. ముందు ముక్కును ముట్టినచో బిడ్డ ఉలికిపడి గాలి పీల్చును. నోటిలోని ద్రవము ఊపిరితిత్తులలోనికి జారును. గొట్టమును నోటిలో 5 సెంటిమీటర్లకును, ముక్కులో 3 సెంటిమీటర్లకును మించి పోనీయరాదు. లోతుగా పోనిచ్చినచో గుండె మందగించును. ఉమ్మనీటిలో బిడ్డ మలవిసర్జనము చేసినను, చక్కగా ఏడ్చుచున్న బిడ్డకు ఈ పీల్చుడు పని అక్కరలేదు.

మూడవది, ప్రేరణ. వీపుపై రెండు మూడు మార్లు మెత్తగా నిమురవలెను. లేక అరికాలిని వ్రేలితో మీటవలెను. అంతటితో ఆపి, తలను సరిచేసి, ఊపిరిని చూడవలెను. ఊపిరి వచ్చినచో తల్లి యొద్దకు చేర్చి కనిపెట్టుచుండవలెను. రాకున్నచో సంచిని చేత బట్టవలెను. పుట్టిన నిమిషము పూర్తియగు లోపల తొలి గాలి బిడ్డ రొమ్ములో ప్రవేశింపవలెను. అందుచేతనే దీనిని వైద్యులు బంగారు నిమిషమనుచున్నారు.

సంచితో గాలి నందించుట

మాస్కు గడ్డపు కొనను, నోటిని, ముక్కును కప్పవలెను, కన్నులపై పడరాదు. గాలి ప్రక్కలకు పోకుండ మెత్తగా అదిమి పట్టవలెను. “నొక్కు – రెండు – మూడు” అని లెక్కించుచు, నొక్కుమన్నప్పుడు సంచిని నొక్కి, తరువాతి రెండు మాటలకు విడువవలెను. ఈ లయతో నిమిషమునకు 40 మొదలు 60 ఊపిరులు అందును. ఇందులకు సాధారణముగా గదిలోని గాలియే చాలును. ఆక్సిజను సిలిండరు లేదని ఆగిపోవుట తగదు.

నొక్కినప్పుడెల్ల రొమ్ము మెల్లగా లేచుచున్నదా యని చూడవలెను. లేవకున్నచో గాలి లోనికి పోవుట లేదన్నమాట. అప్పుడు మాస్కును తిరిగి అమర్చవలెను, తలను సరిచేయవలెను, నోటిలో అడ్డున్నచో తీయవలెను, నోరు కొద్దిగా తెరవవలెను, అప్పటికిని లేవకున్నచో కొంచెము గట్టిగా నొక్కవలెను. రొమ్ము లేవని వేళ ఎన్నిమార్లు నొక్కినను అది వృథాశ్రమయే.

అర నిమిషము అయిన పిదప ఊపిరిని చూచి, అది రాకున్నచో గుండె వేగమును లెక్కింపవలెను. స్టెతస్కోపుతో గాని, బొడ్డుతాడు మొదట వ్రేళ్ళుంచి గాని 6 సెకన్లలో ఎన్ని దెబ్బలో చూచి, 10చే హెచ్చింపవలెను. 100కు మించినచో శుభసూచకము. బిడ్డ తనంతట తాను ఊపిరి అందుకొను వఱకు సంచిని నొక్కుచుండవలెను. 100కు లోబడినచో నొక్కుట మానక, ఆక్సిజను కలిపి, వైద్యుని పిలువవలెను. గాలి చక్కగా అందిన తరువాతను గుండె 60కి తగ్గియేయున్నచో గుండెపై నొక్కుట మొదలగు పైచికిత్సలు ప్రత్యేక శిక్షణ పొందినవారే చేయవలెను.

చేయరాని పనులు

ఊపిరి తీయని బిడ్డను కాళ్ళు పట్టి తలక్రిందులుగా వ్రేలాడదీయుట, పిరుదులపై చరచుట, ప్రక్కటెముకలు నొక్కుట, చన్నీళ్ళు చల్లుట, చెవిలో ఊదుట ఎంతమాత్రము కూడదు. వీటి వలన ఎముకలు విరుగుట, మెదడులో రక్తము చిట్లుట, ఒడలు చల్లబడుట వంటి ఆపదలు కలుగును. అన్నిటికంటె మిన్నగా కాలము వృథాయగును.

చరక సంహిత శారీరస్థానములో ఇట్టి శిశువు చెవిమొదట రెండు రాళ్ళను తాటించుట, ముఖముపై చన్నీరో వేడినీరో చల్లుట, చేటతో విసరుట చెప్పబడినవి. బిడ్డను మేల్కొల్పవలెనను మన పూర్వుల ఉద్దేశము మంచిదే. ఆ మేల్కొలుపును నేడు తుడుచుట, నిమురుట అను సున్నితమైన పనులతో సాధించుచున్నాము. తడియొడలికి గాలి తగిలినచో బిడ్డ చల్లబడునని, చల్లబడిన బిడ్డకు ప్రాణవాయువు మరింత అవసరమగునని ఇప్పుడు తెలిసినది.

బొడ్డుపై బూడిద, పేడ, పసుపు వంటివి పెట్టరాదు. మొదటి 24 గంటలు స్నానము చేయింపరాదు.

ఇంటనో, దారిలోనో పురుడు వచ్చినచో

2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేను బట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నూటికి 96కు తగ్గకుండ కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. అయినను వాగు పొంగినప్పుడు, కొండగూడెములలో, నొప్పులు ఒక్కసారి ముదిరినప్పుడు దారిలోనే బిడ్డ పుట్టుట కలదు. అట్టివేళ 108కి ఫోను చేసి, వారు చెప్పినట్లు నడచుకొనవలెను. చేతనున్న శుభ్రమైన పొడి గుడ్డతో, చీరకొంగుతోనైన, బిడ్డను తుడిచి, మరొక పొడి గుడ్డ కప్పవలెను. తాడు కోయ నక్కరలేదు; బిడ్డను తల్లి ప్రక్కనే ఉంచవలెను. తల సరిచేసి, వ్రేలికి శుభ్రమైన గుడ్డ చుట్టి నోటిలో కనబడు ద్రవము తీసి, వీపు నిమురవలెను.

ఊపిరి రాకున్నచో సాయము చేయువారు తమ నోటిని బిడ్డ నోటిని, ముక్కును కలిపి కప్పునట్లుంచి, తమ చెక్కిళ్ళలోని గాలిని మాత్రమే మెల్లగా ఊదవలెను. రొమ్ము కొద్దిగా లేచినంత చాలును. పెద్దవారి నిండుశ్వాస పసిబిడ్డ ఊపిరితిత్తులకు హానికరము. వాహనము వచ్చు వఱకు ఇట్లు కొనసాగింపవలెను.

ఈ విద్య గ్రామమునకు వచ్చిన తీరు

అమెరికా వైద్యురాలు వర్జీనియా ఆప్గార్ 1952లో శిశువు రంగు, గుండె వేగము, స్పందన, కండరముల బిగువు, శ్వాస అను ఐదు గుణములకు మార్కులు వేయు పద్ధతిని రూపొందించినది. దానితో పుట్టినంతనే బిడ్డను పరీక్షించుట ప్రపంచమంతట అలవాటయ్యెను. అయితే ఆ మార్కులు వేయు వఱకు సహాయమును ఆపరాదు. 1956లో డెన్మార్కు దేశమున హెన్నింగ్ రూబెన్ అను వైద్యుడు, హోల్గర్ హెస్సె అను ఇంజనీరు సిద్ధము చేసిన సంచి వాడుకలోనికి వచ్చెను. కరెంటు లేని ఊరిలో కూడ ఊపిరి నందించు సాధనము అట్లు లభించినది.

మన పొరుగుననే, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతుల సెర్చ్ సంస్థ 39 గ్రామములలో పల్లెటూరి స్త్రీలకే నవజాత శిశు సంరక్షణ నేర్పినది. ఊపిరి తీయని బిడ్డకు గాలి నందించుట, చీము జ్వరములను గుర్తించి మందిచ్చుట, బిడ్డను వెచ్చగా నుంచుట అందులో భాగములు. 1999లో ప్రకటింపబడిన ఫలితములను బట్టి, ఈ సేవ లేని గ్రామములతో పోల్చగా, మూడవ యేటికి నెలలోపు శిశుమరణములు నూటికి 62 వంతులు తగ్గినవి. ఎక్కువ చదువు లేని గ్రామస్త్రీ చేతులు కూడ ప్రాణము నిలుపగలవని ఇది ఋజువు చేసినది. 2009లో భారత ప్రభుత్వము నవజాత శిశు సురక్షా కార్యక్రమమును ప్రారంభించి, కాన్పులు చేయు వైద్యులకు, నర్సులకు, ఏ.ఎన్.ఎం.లకు ఈ విద్యలో శిక్షణ నిచ్చుచున్నది.

తేరుకొనిన బిడ్డపై కన్ను

గాలి నందించగా తేరుకొనిన బిడ్డను మామూలు బిడ్డవలె వదలివేయరాదు. ఎక్కువసేపు గాలి అందని బిడ్డకు మెదడు దెబ్బతినవచ్చును, మూర్ఛలు రావచ్చును. అట్టి శిశువును జిల్లా ఆసుపత్రిలోని నవజాత శిశు ప్రత్యేక సంరక్షణ విభాగమునకు, దారిలో తల్లి రొమ్మున కానించి వెచ్చగా ఉంచుచు చేర్పవలెను. ఇంటికి వచ్చిన పిమ్మట పాలు త్రాగకున్నను, ఊపిరి నిమిషమునకు 60కి మించినను, డొక్క లెగురవేయుచున్నను, పాదములు చల్లగా నున్నను, బిడ్డ మగతగా నున్నను ఆలస్యము చేయరాదు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి వచ్చి చూచును. ఇంట పుట్టిన బిడ్డను మొదటి దినమున కూడ చూచును. ఆమెను ఆదరించి, సందేహము లడిగి తెలిసికొనవలెను.

గ్రామస్థుల వంతు

నిండు నెలలలో నున్న ప్రతి స్త్రీ విషయమున ఆ ఇంటివారు మూడు ప్రశ్నలకు ముందే సమాధానము తెలిసికొని యుండవలెను. పురుడు ఎచ్చట? రాత్రివేళ వాహనము ఏది? అచ్చట ఊపిరి తీయని బిడ్డను చూచుకొనగలవారు ఉన్నారా? పంచాయతీ సభ్యులును, మహిళా సంఘములును తమ ఆరోగ్య కేంద్రమునకు వెళ్ళి, నవజాత శిశువుల బల్ల ఉన్నదా, సంచి పని చేయుచున్నదా యని వినయముగా అడిగి తెలిసికొనవచ్చును. నేర్చిన విద్య అభ్యాసము లేనిచో మాసములలోనే మఱపునకు వచ్చును. కావున రబ్బరు బొమ్మపై సిబ్బంది తరచు అభ్యాసము చేయునట్లు ప్రోత్సహింపవలెను. ఈ వ్యాసము చదివినంత మాత్రమున ఆ నేర్పు రాదు. దానిని శిక్షకుల యొద్దనే చేతులార నేర్వవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. పురుడునకు ముందే పొడి గుడ్డలు, సంచి, మాస్కు సిద్ధపఱచి పరీక్షింపుడు.
2. పుట్టగానే తుడువుడు, తడిగుడ్డ తీసివేయుడు, వెచ్చగా ఉంచుడు.
3. ఊపిరి లేనిచో తల సరిచేయుడు. అవసరమైనచో ముందు నోరు, తరువాత ముక్కు శుభ్రపఱచుడు.
4. వీపు రెండు మూడు మార్లు మాత్రమే నిమురుడు.
5. నిమిషము లోపల సంచితో గాలి నందింపుడు. రొమ్ము లేచుచున్నదా యని చూడుడు.
6. వ్రేలాడదీయరాదు, చరచరాదు, నీళ్ళు చల్లరాదు.

తొమ్మిది నెలలు మోసిన తల్లి శ్రమ ఈ ఒక్క నిమిషముపై ఆధారపడి యుండవచ్చును. ఆ నిమిషమునకు సిద్ధముగా నున్న గ్రామములో బిడ్డ కేక వినబడుటకు ఎక్కువ అవకాశము కలదు.